పది సెంట్లలో పెన్నేరు గడ్డ: విత్తనం నుంచి చూర్ణం దాకా ప్రాజెక్టు డైరీ

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్కన మా మెట్ట చేనులో పది సెంట్లు విడిగా తీసి అశ్వగంధ వేశాం. మా వైపు పెద్దవాళ్ళు దీన్ని పెన్నేరు గడ్డ అంటారు. మగవాళ్ళ బలానికి, నిద్రకు, చిక్కిపోయిన ఒంటికి ఇంట్లోనే వాడుకునేలా, వేరు తప్ప ఇంకేమీ కలవని చూర్ణం తీయాలన్నది పని. ఇంకెవరైనా ఇదే మొదలుపెడితే కొలతలు చేతిలో ఉండాలని, ఎక్కడ సరుకు పోతుందో ముందే తెలియాలని రాస్తున్నా. ఖర్చు ప్రతి దశ చివర కూడుతూ వచ్చాను. మా ఇంటివాళ్ళ పని మాత్రం అందులో కలపలేదు.

మొదటి దశ: నేల

ఎర్ర ఇసుక నేల. ఒక మూల తప్ప ఎక్కడా నీళ్ళు నిలవవు. మట్టి పరీక్షలో పీహెచ్ (మట్టి పులుపు, చవుడు తెలిపే అంకె) 7.6 వచ్చింది. ఈ పంటకు 7.5 నుంచి 8 మధ్య బాగుంటుంది, నేల తేలికగా ఉండాలి. నల్లరేగడిలో వేరు సాఫీగా దిగదు, తవ్వేటప్పుడు సగం విరిగి మట్టిలోనే ఉండిపోతుంది. ఏడాదికి 500 నుంచి 750 మిల్లీమీటర్ల వాన ఉంటే పంట వచ్చేస్తుంది. అనంతపురం సగటు 550 చుట్టూ ఉంటుంది కాబట్టి వాన చాలదన్న భయం పెద్దగా లేదు. పడకూడనప్పుడు పడే వానే దీనికి శత్రువు.

1. వేసవి దుక్కి ఒకసారి, తొలకరి పదునుకు గుంటక రెండుసార్లు.
2. మాగిన పశువుల ఎరువు 400 కిలోలు, అంటే ఎకరాకు 4 టన్నుల లెక్క.
3. యూరియా, డీఏపీ ఏమీ వెయ్యలేదు. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, వేరు సన్నబడుతుంది.

ట్రాక్టరు 500, ఎరువు 400. ఇప్పటిదాకా: 900 రూపాయలు.

రెండో దశ: మొలక, మళ్ళీ మొలక

విత్తనం 400 గ్రాములు తెచ్చాం, కిలో 600 రూపాయల లెక్కన. ఆగస్టులో మంచి పదును చూసి శెనక్కాయకు వాడే గొర్రుతోనే వేశాం. వేసిన మర్నాడు దంచి కొట్టింది వాన. ఆరాక పైన మట్టి అట్టకట్టింది. రెండు వారాల తర్వాత చూస్తే సాళ్ళలో అక్కడొకటి అక్కడొకటి.

కంటితో చూసి "పలచగా ఉంది" అనుకుంటే లాభం లేదు, లెక్క కావాలి. నాలుగు కట్టెలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కొట్టి, చేనులో అయిదు చోట్ల వేసి లోపలి మొక్కలు లెక్కపెట్టాం. సగటు 9. ఉండాల్సింది కనీసం 30.

ఎందుకిలా అయిందో తేల్చడానికి రెండు పనులు చేశాం. చెక్కుతో మట్టి పక్కకు తీసి చూస్తే గింజలు అయిదారు సెంటీమీటర్ల లోతున ఉన్నాయి. అశ్వగంధ గింజ చాలా తేలిక, వెయ్యి గింజలు కలిపినా రెండు గ్రాముల చుట్టూ తూగుతాయి, ఒకటి రెండు సెంటీమీటర్లు దాటితే పైకి తోసుకు రాలేదు. గొర్రు శెనక్కాయకు సరే, దీనికి పనికిరాదు. ఇక రెండోది, మిగిలిన గింజలకు మొలక పరీక్ష:

1. వంద గింజలు లెక్కపెట్టి ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళలో నానబెట్టాలి.
2. తడి గోనె గుడ్డలో పరిచి, చుట్టి, నీడన పెట్టాలి. గుడ్డ ఆరకూడదు, నీళ్ళు కారకూడదు.
3. పది పన్నెండు రోజులకు తెరిచి మొలకలు లెక్కపెట్టాలి.

వచ్చినవి 38. అంటే విత్తనం కూడా పాతదే. అశ్వగంధ గింజ ఏడాది దాటితే మొలకశాతం బాగా పడిపోతుంది కాబట్టి ఏ ఏటి పంట గింజో అడగకుండా కొనొద్దు. గుంతకల్లు వైపు ఒక రైతు దగ్గర ఆ ఏటి పంట గింజలే దొరికాయి, ఔషధ మొక్కల మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ సీమాప్ విడుదల చేసిన పోషిత రకం. అదే పరీక్షలో 71 మొలిచాయి.

రెండోసారి ఇలా వేశాం:

1. పాత సాళ్ళ మీద గుంటక తోలి చదును.
2. విత్తనం అరకిలో, దానికి అయిదింతలు సన్న ఇసుక కలిపి. ఇసుక లేకపోతే చేతిలోంచి గింజ గుంపుగా పడుతుంది.
3. పావు మీటరు ఎడంతో కట్టెతో గీతలు, వేలి గోరు లోతు.
4. గీతలో చల్లి, వేపకొమ్మ ఈడ్చి పైపైన మట్టి కప్పడం.

అదే చట్రం, అవే అయిదు చోట్లు: సగటు 58.

మొదటి విత్తనం 240, రెండోది 300, కూలి ఒకరికి 400. ఇప్పటిదాకా: 1,840 రూపాయలు.

మూడో దశ: పలచన, పురుగు, ఆకు పెరిగిన సాళ్ళు

నెల తిరిగేసరికి తొలికలతో కలుపు తీస్తూనే మొక్కల్ని పలచన చేయించాం. చదరపు మీటరుకు 30 నుంచి 35 ఉంచాం. కొందరు ఇంకా పలచగా ఉంచుతారు, అప్పుడు ఒక్కో వేరు లావుగా వస్తుంది కానీ మొత్తం తూకం మెట్టలో పెద్దగా పెరగదు. పీకిన మొక్కల్ని ఖాళీల్లో నాటి చూశాం. పదింటికి మూడు నిలిచాయి, నిలిచిన వాటికి కూడా తల్లివేరు కొన తెగడంతో కోతనాటికి రెండు మూడు కాళ్ళుగా చీలాయి. అలా చీలిన వేరు చివరి గ్రేడుకే పోతుంది, ఆ కూలి దండగ.

తర్వాత అక్షింతల పురుగు. వంగకు పట్టేదే ఇది, అశ్వగంధ కూడా వంగ కుటుంబమే. ఆకు పచ్చదనమంతా గీకి తినేసి ఈనెలు మాత్రమే జాలీలా మిగులుస్తుంది. పక్క చేనులో వంగ ఉండడం వల్ల మా గట్టు వైపు నాలుగు సాళ్ళకు ముందు తగిలింది. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టాం, వారం తర్వాత మళ్ళీ. ఆకు అడుగున పసుపు రంగు గుడ్ల గుంపులు కనబడితే ఆకుతో సహా తుంచి నలిపేయడం మందు కంటే బాగా పనిచేసింది. మనం తినబోయే వేరు కాబట్టి ఘాటు మందుల జోలికి పోలేదు.

ఎరువు కుప్ప పోసిన చోట మూడు సాళ్ళు ఏపుగా లేచాయి. చేనుకు వచ్చిన ప్రతివాళ్ళూ అక్కడే ఆగి మెచ్చుకున్నారు. నవంబరు చివర ఆ సాళ్ళలో పది మొక్కలు, మామూలు సాళ్ళలో పది మొక్కలు పీకి కొలిచాం:

ఎరువు కుప్ప సాళ్ళు: ఎత్తు సగటు 72 సెంటీమీటర్లు, వేరు మొదట్లో మందం 6 మిల్లీమీటర్లు.
మామూలు సాళ్ళు: ఎత్తు 46 సెంటీమీటర్లు, వేరు మందం 11 మిల్లీమీటర్లు.

ఈ పంటలో చేను అందం చూసి సంతోషపడకూడదు. పొట్టిగా, కాస్త బూడిద రంగులో, నీళ్ళకు మొహం వాచినట్టున్న మొక్క కిందే గడ్డ ఊరుతుంది.

కూలి ముగ్గురికి 1,200, వేపనూనె 150. ఇప్పటిదాకా: 3,190 రూపాయలు.

నాలుగో దశ: అక్టోబరు వాన

వాయుగుండం పట్టి విడవకుండా వానలు పడ్డాయి. చెప్పానే, ఒక మూల నీళ్ళు నిలుస్తాయని. అక్కడ సుమారు ఒక సెంటు మేర మొక్కలు వాలిపోయాయి. పీకి చూస్తే కాండం, వేరు కలిసే చోట గోధుమ రంగు తిరిగి, గోటితో గీరితే తోలు ఊడొస్తోంది. లోపల మెత్తబడి పులిసిన వాసన. ఆ సెంటు మొత్తం పోయింది.

ఆ రోజే పారతో జానెడు లోతు కాలవ తీసి నీళ్ళు వంకలోకి మళ్ళించాం, కుళ్ళిన మొక్కలు పీకి దూరంగా తగలబెట్టాం. కాలవ విత్తేముందే ఉండాలి. దున్నేటప్పుడు ట్రాక్టరు ఉండగానే పది నిమిషాల్లో అయిపోయే పని అది. వానలు పోయాక కోత దాకా ఒక్క తడి కూడా ఇవ్వలేదు. బోరు పక్కనే ఉంటే ఎండిన ఆకులు చూసి చెయ్యి ఊరుకోదు, కానీ ఇవ్వకూడదు. ఆఖరు రెండు నెలల్లో తడి తగిలితే మొక్క మళ్ళీ చిగురు పెడుతుంది, వేరులో దాచుకున్న పిండి ఆ చిగురుకే పోతుంది, వేరు డొల్లబడుతుంది.

అయిదో దశ: తవ్వకం

ఆకులు ఎండి రాలి, కాయలు ఎర్రబడ్డాయి. విత్తి ఆరు నెలలు కావస్తోంది, ఫిబ్రవరి. చేత్తో పీకితే కొన తెగిపోతోంది. పొడి నేలలో పార వేస్తే మధ్యలో విరుగుతోంది. చివరికి కుదిరిన పద్ధతి:

1. తవ్వే ముందు రోజు సాయంత్రం, మర్నాడు తవ్వబోయే సాళ్ళకే పలచగా నీళ్ళు చిలకరించడం.
2. మొక్కకు జానెడు దూరంలో గడ్డపార దించి, మట్టిని పైకి ఎత్తడం.
3. రెండో మనిషి మొదలు పట్టుకుని నిదానంగా లాగడం.
4. కాయలున్న కొమ్మలు ముందే కోసి వేరే గోనెలో, విత్తనానికి.

కూలికి వచ్చిన ఒకామె అడిగింది: "అన్నా, ఈ తోక ఏర్లు గూడా ఏరల్లా?" ఏరాలి. సన్న వేర్లు చూర్ణానికి కాకపోయినా నూనె కాచడానికి పనికొస్తాయి.

ఇక్కడే ఇంకో మాట. తవ్వినప్పుడు ఆకు, కాండం కుప్పలు కుప్పలుగా మిగులుతాయి, కొనేవాళ్ళూ వస్తారు. ఆకు మా జేజి (అవ్వ) కాలం నుంచీ వాడుకలో ఉంది కానీ పైకి మాత్రమే: వెచ్చజేసి ఆముదం రాసి కీళ్ళ వాపుల మీద, సెగగడ్డల మీద కట్టేవాళ్ళు. లోపలికి పుచ్చుకునేది వేరు మాత్రమే. ఆకులో కణాలకు హాని చేయగల విథాఫెరిన్-ఏ అనే పదార్థం వేరులో కంటే చాలా ఎక్కువ. 2021లో కేంద్ర ఆయుష్ శాఖ కూడా ఆకు వాడొద్దని మందుల తయారీదార్లకు సూచన పంపింది. మా కుప్ప ఎవరికీ అమ్మలేదు, ఎరువు గుంతలో వేశాం.

పచ్చి వేరు తూకం 31 కిలోలు. కూలి నలుగురికి 1,600. ఇప్పటిదాకా: 4,790 రూపాయలు.

ఆరో దశ: ఆరబెట్టడం

ఎక్కువ సరుకు దెబ్బతినే చోటు ఇదే, అందుకే వివరంగా రాస్తున్నా.

వేర్లు కడిగి, మొదలు కోసేసి, పొడుగ్గానే మేడ మీద టార్పాలిన్ పట్ట మీద పరిచాం. పగలంతా మంచి ఎండ. రాత్రి మంచు పడకుండా పైన ఇంకో పట్ట కప్పాం. నాలుగో రోజు పొద్దున పట్ట తీస్తే కింది వేర్ల మీద బూజు, ముందు తెల్లగా, దగ్గరగా చూస్తే ఆకుపచ్చ చుక్కలు. రెండు పట్టల మధ్య ఆవిరి ఎటూ పోక అడుగున తడి చేరింది. బూజు పట్టినదాన్ని కడిగి మళ్ళీ ఎండబెట్టమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. వద్దు. బూజు విషం కడిగితే పోదు, లోపలికి పుచ్చుకునే సరుకు ఇది. అదంతా పారేశాం, ఎండు లెక్కలో 600 గ్రాములు.

మార్చిన పద్ధతి:

1. వేరును వేలెడు పొడవు ముక్కలుగా కోయడం. లావు వేర్లను నిలువుగా చీల్చడం.
2. పట్టకు బదులు నులక మంచం, దాని మీద దోమతెర గుడ్డ. గాలి కిందనుంచీ పైనుంచీ ఆడాలి.
3. పొద్దున పదింటి దాకా ఎండ, తర్వాత వసారా నీడ.
4. రాత్రి మంచాలు లోపలికి, ఫ్యాను కింద. పైన ఏమీ కప్పకూడదు.

ఆరిందా లేదా అని చెయ్యి పెట్టి చెప్పడం కష్టం. ఒక కిలో పచ్చి ముక్కలు విడిగా కట్టి, రోజు విడిచి రోజు తూచాం: 1,000 గ్రాములు, 720, 560, 480, 455, 452, 452. తూకం రెండుసార్లు కదలకపోతే ఆరినట్టు. అప్పుడు ముక్క విరిస్తే టక్‌మని విరుగుతుంది, వంగదు. విరిగిన చోట తెల్లగా సుద్దలా ఉండి, వేలికి పిండి అంటుతుంది. పచ్చిగా ఉన్నప్పటి గుర్రపు వాసన చాలావరకు తగ్గి, కాస్త చేదు వాసన మిగులుతుంది.

ఎండు తూకం 13.4 కిలోలు. మార్కెట్టులో వేసే గ్రేడ్ల లెక్కన వేరు చేశాం:

ఏ గ్రేడు (7 సెంటీమీటర్ల దాకా పొడవు, సెంటీమీటరు పైన మందం, గట్టిగా తెల్లగా): 2.1 కిలోలు
బి గ్రేడు (5 సెంటీమీటర్ల దాకా, సెంటీమీటరు మందం): 4.3
సి గ్రేడు (3, 4 సెంటీమీటర్లు, అంతకంటే సన్నం): 4.6
డి గ్రేడు (తోకలు, డొల్లవి, పసుపు తిరిగినవి): 2.4

వర్షాధారంలో ఎకరాకు క్వింటాలున్నర నుంచి రెండు క్వింటాళ్ళ దాకా ఎండు వేరు మామూలు. పది సెంట్లకు 15 నుంచి 20 కిలోలు రావాలి. వాన మూల, ఎరువు సాళ్ళు, బూజు కలిసి ఆ తేడా తెచ్చాయి. సి గ్రేడు ఒక వ్యాపారికి కిలో 200 చొప్పున ఇచ్చాం, 920 వచ్చింది. డి గ్రేడులో బాగున్నంతవరకు ఏరి నువ్వుల నూనెలో కాచాం: వేరు ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, నీళ్ళు పదహారు వంతులు, నీళ్ళన్నీ ఇగిరేదాకా. మోకాళ్ళ నొప్పులకు జేజి అదే రాసుకుంటోంది.

దోమతెర గుడ్డ 150. ఇప్పటిదాకా: ఖర్చు 4,940, అమ్మకం 920.

ఏడో దశ: పాలశుద్ధి

పెన్నేరు గడ్డను పాలలో ఉడికించి శుద్ధి చేసి వాడాలని మా వైపు పెద్దల మాట. ఇది ఉష్ణవీర్యం, అంటే ఒంటికి వేడి చేసేది కాబట్టి పాలు ఆ వేడిని అణుస్తాయని అంటారు. ఏ, బి గ్రేడులు కలిపిన 6.4 కిలోల్లో 2 కిలోలు ఇందుకు తీశాం.

ముందు అరకిలో ముక్కలు నేరుగా రెండు లీటర్ల పాలలో వేసి ఉడికించాం. పాలు చిక్కబడి కోవాలా ముక్కలకు అంటుకున్నాయి. ఎండలో పెడితే పైన ఎండింది, లోపల జిగురు. మూడో రోజుకు పుల్లటి వాసన, చీమలు, ఈగలు. అరకిలో పోయింది. జేజి చూసి, "పాలల్లో ఏసి ఉడకబెట్టేది గాదప్పా, మూట గట్టి యాలాడదియ్యల్ల" అంది. వైద్య గ్రంథాల్లో దోలాయంత్రం అని చెప్పేది ఇదే.

1. ముక్కల్ని పలచటి నూలు గుడ్డలో వదులుగా మూట కట్టాలి. బిగిస్తే మధ్యలోవి ఉడకవు.
2. కుండ మీద అడ్డంగా కట్టె పెట్టి మూటను వేలాడదీయాలి. పాలలో మునగాలి, అడుగు తగలకూడదు.
3. సన్న సెగ మీద సుమారు మూడు గంటలు. పాలు తగ్గితే వేడి పాలే పోయాలి.
4. మూట విప్పి వేడినీళ్ళతో రెండుసార్లు కడగాలి, పాల జిడ్డు పోయేదాకా.
5. ముక్కల్ని ఇంకా చిన్నగా చీల్చి, మంచం మీద పలచగా, ఈగలు వాలకుండా గుడ్డ చాటున ఆరబెట్టాలి.

కిలోన్నర ముక్కలకు ఆరు లీటర్లు పట్టాయి. తూకం నిలకడగా వచ్చాక 1.46 కిలోలు. ఆ పాలు పారబోయాలి, ఎవరికీ తాగించొద్దు. శుద్ధి చేసినదానికి, చేయనిదానికి తేడా నాలుక మీద స్పష్టంగా తెలుస్తుంది: చేదు, వగరు తగ్గాయి, పొట్టలో మంట కూడా తక్కువ. నిలవ మాత్రం శుద్ధి చేసినది తక్కువ కాలమే ఆగుతుంది. అందుకని మిగతా 4.4 కిలోలు శుద్ధి చేయకుండా ఎండు ముక్కలుగానే ఉంచాం.

పాలు ఎనిమిది లీటర్లకు 480. ఇప్పటిదాకా: ఖర్చు 5,420.

ఎనిమిదో దశ: పొడి

పిండిమరవాళ్ళు ఇది మరలో పట్టేది లేదన్నారు. తర్వాత వచ్చే జొన్నపిండికి ఈ వాసన తగులుతుందని, అది న్యాయమే. ఇంట్లో మిక్సీలో నేరుగా వేస్తే నార బ్లేడుకు చుట్టుకుని జారు వేడెక్కింది, పొడి కూడా వేడెక్కి ఉండకట్టింది. రోట్లో రోకలితో ముందు కచ్చాపచ్చాగా దంచి, నార చాటతో చెరిగి తీసి, అప్పుడు మిక్సీలో కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పితే కుదిరింది. మెత్తటి జల్లెడ పట్టి, ఆపైన నూలు గుడ్డలో జల్లించాం, అదే వస్త్రగాళితం.

1.2 కిలోల ముక్కలు: మెత్తటి చూర్ణం 1.05 కిలోలు, నార 100 గ్రాములు, దుమ్ముగా పోయింది 50.

మిగతా 3.2 కిలోలు ముక్కలుగానే గాజు సీసాల్లో దాచాం. చూర్ణానికి రెండు నెలలకు మందుశక్తి తగ్గుతుందని శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథం అంటుంది, ముక్కగా ఉంచితే ఏడాది దాకా నిలుస్తుంది. నెలకు సరిపడా మాత్రమే దంచుకోవడం మంచిది.

జల్లెడ 200, సీసాలు 180. ఖర్చు మొత్తం 5,800, అమ్మకం తీసేస్తే 4,880. మంచి వేరు చేతికి మిగిలింది 5.9 కిలోలు, కిలోకు సుమారు 827 రూపాయలు.

బయట కొన్న పొట్లాలతో పోలిక కూడా చేశాం, ఇది ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. గాజు గ్లాసులో చెంచాడు పొడి, మునిగేదాకా సర్జికల్ స్పిరిట్, బాగా కలిపి పావుగంట వదిలేయాలి. ఆకులోని పచ్చదనం స్పిరిట్‌లో కరుగుతుంది. మన పొడి మీద తేరిన స్పిరిట్ లేత పసుపుగా ఉంది, ఒక పొట్లం స్పష్టంగా ఆకుపచ్చగా తేలింది. అందులో ఆకు ఉంది. అయోడిన్ చుక్క పరీక్ష ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే అశ్వగంధ వేరులోనే పిండి పదార్థం ఉంది, మైదా కలిపినా కలపకపోయినా నల్లబడుతుంది. పరీక్షించిన పొడి పారేయాలి.

తొమ్మిదో దశ: వాడకం

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. దంపతుల శక్తి, వీర్యపుష్టి, సంతానం దాని కిందికి వస్తాయి. భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం అశ్వగంధను బల్యం (బలమిచ్చేది), రసాయనం (ఒంటిని నిలబెట్టేది), అతిశుక్రలం (వీర్యాన్ని బాగా పెంచేది) అంటుంది. చరకుడు బలాన్నిచ్చే, ఒంటికి కండపట్టించే మూలికల వరుసల్లో దీన్ని చేర్చాడు. దూలగొండి గింజలు, శతావరి, నేలగుమ్ముడు, పల్లేరు కాయలు దీని జోడీలు. ఇంట్లో వాడే తీరులు:

1. చూర్ణం రాత్రి గోరువెచ్చని పాలతో, పటికబెల్లం కలిపి.
2. నెయ్యి, తేనెతో. రెండూ సమానంగా కలపకూడదు, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ ఉండాలి.
3. పాల కషాయం: కచ్చాపచ్చా వేరు 5 గ్రాములు, పాలు 40 మిల్లీలీటర్లు, నీళ్ళు 160. నీళ్ళు ఇగిరి పాలు మిగిలేదాకా కాచి వడగట్టాలి.

మోతాదు ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రామాణిక గ్రంథం) ప్రకారం రోజుకు 3 నుంచి 6 గ్రాములు. చెంచాలన్నీ ఒకటి కావు. మా ఇంటి టీ చెంచా తలకొట్టి తూస్తే 2.4 గ్రాములు, గోపురంగా తీస్తే 4.1. కాబట్టి మీ చెంచా ఒకసారి తూచుకోండి. మేం 3 గ్రాములతో మొదలుపెట్టాం. నాకు ముందుగా తేడా తెలిసింది నిద్రలో, రెండో వారం నుంచి తెల్లవారుజామున మెలకువ రావడం తగ్గింది. మా మామ పరగడుపున 6 గ్రాములు తీసుకుంటే విరేచనాలయ్యాయి, తిన్నాక 3 గ్రాములకు దిగితే సర్దుకుంది.

అసలు దేనికని అందరూ అడుగుతారో దాని గురించి సూటిగా రాస్తా. లక్నో కింగ్ జార్జ్ మెడికల్ యూనివర్సిటీ వాళ్ళు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సంతానం కలగని 75 మంది మగవాళ్ళకు రోజుకు 5 గ్రాముల వేరు పొడి 3 నెలలు ఇస్తే వీర్యకణాల సంఖ్య, కదలిక మెరుగయ్యాయి. జామ్‌నగర్‌లో 2011లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, మానసిక కారణాలతో అంగస్తంభన లేనివాళ్ళకు 60 రోజులు ఇస్తే ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువేమీ చేయలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే జేజి చెప్పేదే నిజమనిపిస్తుంది: ఇది ఒంటికి పోషణ, నెలల తరబడి తినాలి, ఆ రాత్రికి ఆ రాత్రి మందు కాదు. గంటలో పనిచేస్తుందని గోడల మీద రాసే మూలికా గుళికల్లో అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ లాంటి అల్లోపతి మందు దొంగతనంగా కలిపిన సంగతి చాలా దేశాల తనిఖీల్లో బయటపడింది. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడే మనిషికి అది ప్రాణం మీదికి తెస్తుంది. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి పోనివాళ్ళే వాటిని కొంటున్నారు, నాకు బాధ అక్కడే. స్తంభన సమస్య చాలాసార్లు షుగరుకో గుండెజబ్బుకో తొలి సూచన. ముందు పరీక్ష చేయించుకోండి, గడ్డ తర్వాత.

మా ఇంట్లో ఇవ్వనివాళ్ళు: థైరాయిడ్ మాత్ర వేసుకునే అక్క, గర్భంతో ఉన్న మరదలు, నిద్రమాత్రలు వాడే చిన్నాయన. షుగరు, బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరును అడిగాకే. కాలేయం దెబ్బతిన్న కేసులు అక్కడక్కడా నమోదయ్యాయి, కళ్ళు పచ్చబడినా మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేయాలి. హార్మోన్ల మీద ప్రభావం ఉండొచ్చన్న అనుమానంతో 2023లో డెన్మార్క్ దీన్ని పూర్తిగా నిషేధించింది. మన దగ్గర తరతరాలుగా వాడుతున్నాం నిజమే, కానీ మన పెద్దలు చెంచా కొలిచి, కొన్నాళ్ళు తిని, ఆపి తిన్నారు.

వచ్చే పంటకు మార్పులు

1. దున్నేటప్పుడే మూలకు కాలవ.
2. ఎరువు కుప్ప చేను బయట పోసి, గంపలతో చల్లడం.
3. గొర్రు లేదు, చేతిగీతలే. వాన సూచన చూసి విత్తడం.
4. వంగ ఉన్న గట్టు వైపు రెండు సాళ్ళు జొన్న అడ్డం.
5. ఆరబెట్టడానికి ఇంకో రెండు నులక మంచాలు, తవ్వకం రెండు విడతలుగా.
6. పాలశుద్ధి కిలో చొప్పునే, నెలకు సరిపడా.

కాయలు నలిపి, కడిగి, నీడన ఆరబెడితే విత్తనం 1.8 కిలోలు వచ్చింది. మొలక పరీక్షలో వందకు 74. మా పది సెంట్లకు అరకిలో పక్కన పెట్టాం, మిగతా 1.3 కిలోలు చుట్టుపక్కల అడిగిన రైతులకు ఇస్తున్నాం, ఒక్కొక్కరికి రెండు సెంట్లకు సరిపడా 100 గ్రాములు.